నాలుగు లక్షల పన్నెండు వేలు

మొదట ఓడోమీటరు చూపించాడు ముర్డో,
మానని పుండు మీద కట్టు విప్పినట్టు.
నాలుగు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు.
"చంద్రుడి దాకా వెళ్లి
తిరుగు దారిలో కొంచెం దూరం వచ్చి ఆగింది," అన్నాడు.
నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

కైకౌరా గాలి ఆ పూట చేపల కంపు మోసుకొస్తోంది.
ఇరవై రెండేళ్లు, గొర్రెల ఉన్ని కత్తిరించే ముఠాలకు
వండి పెట్టినదాన్ని.
రొట్టె లోపల కాలిందో లేదో
అడుగున తట్టి చెప్పగలను.
అలాగే ఈ బండి గోడలూ తట్టుకుంటూ వెళ్లాను.
వంటగట్టు దగ్గర గట్టి చప్పుడు,
మంచం తలాపున గట్టి చప్పుడు,
తలుపు పక్కన మాత్రం పచ్చిపిండిలా మెత్తగా.

"అది కుళ్లింది," అన్నాడు, నేను అడక్కముందే.
"మూడో గేరు మూలుగుతుంది.
ఎత్తు ఎక్కేటప్పుడు వెనకున్న లారీలవాళ్లు
మా అమ్మను తలుచుకుంటారు.
ఫ్రిజ్ తనకు బుద్ధి పుట్టినప్పుడే చల్లబడుతుంది.
హేండ్‌బ్రేకుని నమ్మకు, చక్రం కింద రాయి పెట్టుకో."
ముగ్గురు వచ్చి చూసి వెళ్లిపోయారట.
ఎందుకు వెళ్లారో అర్థమైంది.
అమ్మేవాడు తిట్టే తిట్లు కావవి,
బుగ్గన పెట్టే దిష్టిచుక్కలు.

సర్వీసు పుస్తకం సొరుగులో ఉంది.
ఆయిలు మార్చిన ప్రతిసారీ తేదీ, ఊరు, ఖర్చు,
గుండ్రటి అక్షరాల్లో. పక్కనే ఇంకేవో:
"హోకిటికా. వాన. ఫిల్టరు కొత్తది. చేపముక్కలు బావున్నాయి."
"ట్వైజెల్. మంచు. ముర్డోకి పన్నునొప్పి."
మూడు లక్షల తొంభై ఆరు వేల దగ్గర
చేతిరాత మారిపోయింది.
అక్కణ్ణుంచి అన్నీ అంకెలే.
నేనేమీ అడగలేదు.
పుస్తకం మూసి, తాళాలివ్వమన్నాను.

అలవాటుగా కుడి తలుపు దాకా నడిచి
అక్కడ నన్ను చూసి, చుట్టూ తిరిగొచ్చి
ఎడమ సీట్లో ఒదిగి కూర్చున్నాడు,
బస్సులో పరాయి మనిషి పక్కన కూర్చున్నట్టు.
మూడో గేరు మూలిగింది, నిజమే.
ఇంజను మాత్రం
పెద్ద డేగిసాలో మాంసం ఉడుకుతున్నట్టు కుదురుగా.
ఓఆరో వైపు, దక్షిణంగా, రైలు పట్టాల వెంట.
సొరంగం దాటగానే నల్లరాళ్ల మీద సీల్ జంతువులు
ఎవరో ఆరేసి మరిచిపోయిన తడి దుప్పట్లలా.
ముర్డో అద్దానికి అరచెయ్యి ఆన్చాడు.
"ఈ పక్కన ఇంత సముద్రం ఉందా?"
కాసేపటికి మళ్లీ, నాతో కాదు,
"చూడు చూడు అనేది ఎల్స్‌పెత్.
రోడ్డు చూస్తున్నా కదా అనేవాణ్ణి."

అతని బూట్ల కింద, రబ్బరు చాప మీద,
అరిగిన రెండు మడమల గుంటలు.
పాదాలు కాస్త పక్కకు జరుపుకున్నాడు.

బేరమా?
బయల్దేరేటప్పుడు పదకొండు వేల డాలర్లు.
తిరిగొచ్చి బండి దిగాక పదకొండున్నర అన్నాడు
నా మొహం చూడకుండా.
ఉల్లిపాయల బస్తాకి కూడా గంటసేపు గీచిగీచి బేరమాడేదాన్ని,
ఆ రోజు లెక్కపెట్టి ఇచ్చేశాను.
పుస్తకం మాత్రం తనే ఉంచుకుంటానన్నాడు.
అది లేకపోతే బండి విలువ పడిపోతుందన్నాను.
చాలాసేపు దాన్ని చేతిలో బరువు చూసి
ఇచ్చాడు.
పెన్ను కూడా.

మూడో రాత్రి, ముర్చిసన్ దగ్గర, వాన.
మంచం అంచు దాటిన నా పాదం మీద ఒక చుక్క.
కాసేపటికి ఇంకొకటి.
ఇన్ని లోపాలు ఏకరువు పెట్టిన పెద్దమనిషి
పైకప్పు ఊసే ఎత్తలేదు!
తిట్టుకుంటూ లేచి, గిన్నె వెతికి,
లైటు వేసి, ఎక్కడ పెట్టాలా అని చూస్తే
నేల మీద, సరిగ్గా చుక్క పడేచోట
ఏళ్లనాటి గుండ్రటి మరక.
నా గిన్నె అందులో అతికినట్టు కూర్చుంది.

పొద్దున పుస్తకం తీసి రాశాను:
"ముర్చిసన్. వాన. గిన్నె నిండలేదు."